వాట్సాప్‌లో పెదనాన్న సంస్కృతి క్లాసు

పాతకాలపు జర్మన్ కత్తిసాము ప్రాక్టీస్ నుంచి వచ్చి చెమట కూడా ఆరలేదు, ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న మెసేజ్. నిన్న నేను పెట్టిన ఫొటో కింద. "మన కర్రసాము వదిలేసి జర్మనీలో తెల్లోళ్ళ కత్తులు తిప్పడమేంటమ్మా? మన సంస్కృతి ఏమైపోవాలి?" దాని కింద చుట్టాలందరి దణ్ణాలు.

సంస్కృతంట!

మధ్యలో బావొకడు: "పది కిలోల కత్తి ఎలా ఎత్తుతున్నావ్?" సినిమాలు చూసి చెడిపోయారు మీరంతా. లాంగ్‌సోర్డ్, అంటే రెండు చేతుల్తో పట్టే పొడుగు కత్తి, కిలోన్నర ఉంటే గొప్ప. క్రికెట్ బ్యాట్ కన్నా ఓ పిసరు ఎక్కువ, అంతే. పైగా మేం పట్టేది ఫెడర్ అనే ప్రాక్టీసు కత్తి. పదునుండదు, పొడిస్తే వంగుతుంది. తలకి మాస్కు, మెడకి పట్టీ, చేతులకి గ్లౌజులు. ఆ గ్లౌజుల ధర మాత్రం అమ్మకి చెప్పకండి. చేరిన కొత్తలో కత్తి కన్నా నా కాళ్ళకే ఎక్కువ తిట్లు పడ్డాయి. మొదట నేర్పిన వేటు త్సోర్న్‌హావ్, అంటే కోపపు వేటు. భుజం మీంచి ఏటవాలుగా దించాలి. ఇవాళైతే భలే కుదురుతుంది నాకు.

ఇంతా చేస్తే ఈ జర్మన్లకీ ఇది తాతల నుంచి చేతికందిన విద్యేం కాదు. మధ్యలో తెగిపోయింది. లీష్టెనావర్ అనే పాతకాలపు గురువు ఈ విద్య మీద పద్యాలు కట్టాడు, బయటివాళ్ళకి అర్థం కాకుండా మెలికలు పెట్టి మరీ. తర్వాతివాళ్ళు వాటికి టీకలు రాశారు. 1570లో యోఆకిమ్ మేయర్ స్ట్రాస్‌బర్గ్‌లో బొమ్మలతో సహా పుస్తకం అచ్చేయించాడు. ఇప్పుడు మేం ఆ పేజీలు ముందేసుకుని "ఇక్కడ ఎడమ కాలా, కుడి కాలా" అని గంటలకొద్దీ వాదించుకుంటాం. రాసిపెట్టారు కాబట్టి వాదించుకోడానికైనా ఏదో మిగిలింది.

ఇంకా మండే సంగతి చెప్పనా? ఇంగ్లండులోని లీడ్స్‌లో 1300ల తొలినాళ్ళ కత్తిసాము రాతప్రతి ఒకటుంది. పాదిరీ ఒకాయన శిష్యుడికి కత్తి, చిన్న డాలు నేర్పుతుంటాడు. చివరికొచ్చేసరికి శిష్యుడి చోట కత్తి పట్టి నిలబడేది వాల్‌పుర్గిస్ అనే ఆడమనిషి. ఏడొందల ఏళ్ళ కిందట!

మరి నేను? పదకొండేళ్ళప్పుడు పెరట్లో తాతయ్య దగ్గర కర్ర తిప్పుతుంటే, "ఆడపిల్ల కర్రసాము చేస్తే రేపెవడు చేసుకుంటాడు" అని చేతిలోంచి లాక్కున్నదెవరు? ఈ సంస్కృతి గారే. పోనీ అన్నయ్యలకి నేర్పనిచ్చారా? వాళ్ళకి ఐఐటీ ఫౌండేషన్ ఉందిగా. తాతయ్యకి రాయడం రాదు. కూర్చోబెట్టి రాసుకున్నవాళ్ళూ లేరు. ఆయనతోనే పోయింది.

పోయినేడు ఊరెళ్ళి ఆ వెదురు కర్ర ఏదని అడిగాను. పెద్దమ్మ పెరట్లోకి చూపించింది. దొండపాదు పందిరికి గుంజ.