వయసు 8, బరువు 74 కిలోలు

పీజీ వైద్యుల మనోక్షేమం కోసం మా బోధనాసుపత్రిలో ఈ మధ్య ఒక కౌన్సెలింగ్ సదుపాయం పెట్టారు. పెట్టడం మంచిదే. అయితే మానసిక వైద్య విభాగం మొత్తానికి తలుపు సరిగా పడే గది పిల్లల క్లినిక్‌లో ఒక్కటే ఉండటంతో దాన్ని అక్కడే నడపాలని, అదీ ఓపీ వేళల్లోనే నడపాలని, వచ్చే పీజీ వైద్యుడు కూడా అందరిలాగే కౌంటరులో చీటీ రాయించుకోవాలని పెద్దలు నిర్ణయించారు. పీజీలతో వారానికి 74 గంటలకు మించి పని చేయించవద్దని జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో సిఫారసు చేసింది. ఆ 74 గంటలూ మాకు గురువారానికే అయిపోతాయి కాబట్టి మిగతా రోజుల అలసటకు కౌన్సెలింగ్ ఇస్తున్నారని మేము అర్థం చేసుకున్నాము. ప్రస్తుతం నా పోస్టింగు పిల్లల క్లినిక్‌లోనే. ఆ విధంగా నిన్న నేను పిల్లలను చూడవలసిన వేళలో, పిల్లలను చూసే గదికే, చీటీ పట్టుకుని వెళ్లవలసి వచ్చింది.

కౌంటరు దగ్గరి కుర్రవాడు చాలాసేపు కీబోర్డుతో పోరాడి, చివరికి చీటీ చేతిలో పెట్టాడు. వయసు 8 అని ఉంది. ఇదేమిటని అడిగితే, "ఈ క్లినిక్‌కి పద్దెనిమిది దాటితే సిస్టం టోకెన్ ఇవ్వట్లేదండి. అందుకని 28లో 2 తీసేశానండి" అన్నాడు. ఇరవయ్యేళ్లు ఇంత సులువుగా పోతాయని తెలియక ఇన్నాళ్లూ తలకు రంగు వేసుకుంటున్నాను. వెనుక వరుస పెద్దదిగా ఉన్నందువల్ల వాదించలేదు. ఎవరూ గుర్తుపట్టకూడదని ఏప్రాన్ విప్పి సంచిలో పెట్టుకుని, గది ముందు నిలబడ్డాను.

తలుపు దగ్గర ఉండే అటెండరు నన్ను రోజూ చూసేవాడే. చీటీ తీసుకుని రెండు వైపులా తిప్పి, "గార్డియన్ ఏరండి?" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. "మీరు డాక్టరుగారని నాకు తెలుసండి. చీటీకి తెలీదు కదండీ. మైనరు కేసుని తోడు లేకుండా పంపించకూడదని మీరే కదండీ రాసి అంటించారు" అని గోడ వైపు వేలు చూపించాడు. నిజమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి తరఫున సంరక్షకుడే నిర్ణయాలు తీసుకోవాలి కాబట్టి, ఎవరో ఒకరు పిల్లలను క్లినిక్‌లో వదిలేసి బజారుకు పోకుండా, నా చేతిరాతతో, ఎర్ర స్కెచ్ పెన్నుతో, కింద రెండు గీతలు గీసి మరీ అంటించిన కాగితం అది. ఆ ఆసుపత్రిలో ఎవరైనా చదివి అమలు చేసిన ఏకైక నోటీసు కూడా బహుశా అదే.

ఈలోగా బెంచీ మీద కూర్చున్న ముమ్మిడివరం మామ్మగారు తలెత్తి చూశారు. ఆవిడ మనవడికి నాలుగేళ్లు, ఇంకా మాటలు రాలేదు. మాటలు రాని పిల్లవాడికి ముందుగా వినికిడి సరిగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ఆటిజం కొలమానంలోని 40 అంశాలు అడగాలి కాబట్టి, కిందటిసారి నేనే వాణ్ణి చెవుల పరీక్షకు పంపాను. ఆ రిపోర్టు పట్టుకుని ఆవిడ తెల్లవారుజామున బయలుదేరి వచ్చి నా కోసమే కూర్చుని ఉన్నారు. "ఏం బాబూ, నీకెవరూ రాలేదా?" అన్నారు. లేదన్నాను. "ఏ ఊరు?" చెప్పాను. "ఇంటిపేరు?" అదీ చెప్పాను. ఇక ఆ తర్వాత జరిగినదానిలో నా ప్రమేయం లేదు. కోనసీమ మనిషికి ఊరూ ఇంటిపేరూ చెప్పడమంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు చేతిలో పెట్టడమే. మా ఊళ్లో చెరువుగట్టు పెంకుటింటివాళ్లు ఆవిడ తోడికోడలికి పుట్టింటివారట. ఆ ఇంటి పెద్దకోడలు మా మేనత్తకు వేలువిడిచిన ఆడపడుచు అవుతుందట. ఆ లెక్కన నేను ఆవిడకు కూతురి వైపు నుంచి మనవణ్ణి కావాలి. కానీ మరో సంబంధం మీదుగా వస్తే అల్లుణ్ణి అవుతానేమోనని ఆవిడకు సందేహం వచ్చింది. పక్కన కూర్చున్న అంబాజీపేట ఆవిడ, మేనత్త వైపు నుంచి లెక్క వేయకూడదని, తల్లి వైపు నుంచి వేస్తే చక్కగా మనవడి వరసే వస్తుందని సర్దిచెప్పారు. అటెండరు అంతసేపూ "గార్డియన్‌తో బంధుత్వం" అనే గడి మీద పెన్ను ఆనించి, తీర్పు కోసం ఓపికగా నిలబడ్డాడు. వరసలో ఉన్న తల్లిదండ్రులందరూ, తమ పిల్లలకు మందులు రాసే వైద్యుడికి ఏం జబ్బు చేసిందోనన్న దిగులుతో, ఒక్క మాట జారనివ్వకుండా విన్నారు.

"ఆయ్, మా మనవడేనండి. అమ్మమ్మ అని రాసుకోండి" అని మామ్మగారు వేలిముద్ర వేసి, నా చెయ్యి పట్టుకున్నారు. నేను మొహమాటపడుతుంటే, "నువ్వు లోపలికెళ్లి బయటికొస్తేనే కదా మావాణ్ణి చూసేది, నడు" అన్నారు. అంతమంది పెద్దలు కూర్చుని ఏర్పాటు చేసిన పద్ధతిలోని లోపం ఆవిడకు ఒక్క వాక్యంలో అర్థమైపోయింది.

నర్సమ్మగారు చీటీ మీది వయసు చూశారు, నన్ను చూడలేదు. గోడ మీద జిరాఫీ బొమ్మ పక్కన నిలబెట్టారు. జిరాఫీ మెడ నా గడ్డం దగ్గరే అయిపోయింది. ఎనిమిదేళ్ల మగపిల్లవాడి బరువు 25 కిలోల చుట్టుపక్కల ఉండాలి. నాది 74. ఆ చుక్కకు పెరుగుదల పట్టికలో చోటు లేకపోవడంతో ఆవిడ దాన్ని పక్కనున్న ఖాళీలో, ఆసుపత్రి ముద్ర మీద పెట్టి, ఆహార నిపుణురాలికి రెఫర్ చేశారు.

లోపల జరిగిన కౌన్సెలింగ్ గోప్యమైనది కనుక దాని గురించి రాయను. రాసేంత ఏదైనా జరగడానికి అక్కడ సమయం కూడా మిగలలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చదువుకునే వయసు పిల్లలు కొత్తగా వస్తే మా క్లినిక్‌లో రెండు ప్రశ్నావళులు పిన్ను కొట్టి ఇస్తారు. అతి చురుకుదనం, ఏకాగ్రత లోపం ఉన్నాయని నిర్ధారించాలంటే ఆ లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి కాబట్టి ఒకటి ఇంటివారికి, ఒకటి టీచరుకు. నా చీటీకీ కొట్టేశారు. ఇంటివారిది మామ్మగారు అక్కడికక్కడే నోటితో చెప్పి పూర్తి చేయించారు: "చెప్పిన మాట వినడని రాసుకోండి. మగపిల్లలు ఎవడు వింటాడు?" టీచరుది చింపేద్దామని జేబులో పెట్టుకుంటే, దానికి ఫైలు నంబరు పడిందని, తిరిగి ఇవ్వకపోతే లెక్క తేలదని రికార్డు గుమాస్తా అడ్డుపడ్డాడు. టీచరు అనదగిన మనిషి నాకు ఈ జిల్లాలో ఒక్కరే ఉన్నారు. విషయమంతా విన్నాక మా విభాగాధిపతిగారు నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. 'అప్పగించిన పని పూర్తిచేయడు' అన్నదాని ఎదుట 'చాలా తరచుగా'లో టిక్కు పెట్టారు. 'అవసరమైన వస్తువులు పారేసుకుంటాడు' దగ్గర కాసేపు ఆలోచించి, నా లాగ్‌బుక్ ఎక్కడుందని అడిగారు.