ఆరేసి తెలిసిన పిల్లకి 'ఈచ్' దేనికి?

మా పాప మూడో తరగతి. ఎక్కాలు పన్నెండు దాకా గడగడా అప్పజెబుతుంది. మధ్యలో ఆపి "ఏడెనిమిదులు?" అంటే మాత్రం మళ్ళీ "సెవెన్ వన్స్ ఆర్ సెవెన్" నుంచి మొదలు. సర్లెండి, నేనూ ఆ బాపతే.

నిన్న హోంవర్క్ దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. లెక్క ఇంగ్లీషులో ఉంది. 24 లడ్డూలు, ఒక్కో పెట్టెలో 6, ఎన్ని పెట్టెలు కావాలి? పూర్తిగా చదవనైనా లేదు. "ఈచ్ ఉంది నాన్నా, హెచ్చవెయ్యాలి" అని 144 వేసేసింది. టోటల్ అంటే కూడాలి, లెఫ్ట్ అంటే తియ్యాలి, ఈచ్ అంటే హెచ్చవెయ్యాలి, షేర్ అంటే భాగించాలి అని బళ్ళో రాయించారట. అంటే ఒక్కో లడ్డూకి ఆరు పెట్టెలు! ఏ మిఠాయి కొట్టువాడూ లడ్డూకి ఇంత మర్యాద చెయ్యడు.

పుస్తకం మూసేసి, "ఆరేసి చొప్పున సర్దితే ఎన్ని పెట్టెలమ్మా?" అన్నాను. వేళ్ళు మడిచి నాలుగంది.

ఆ 'ఏసి'లోనే ఉంది కదండీ అంతా! "నలుగురికీ ఆరేసి ఇవ్వు" అంటే గుణకారం. "ఆరేసి ఇస్తే ఎంతమందికి వస్తాయి?" అంటే భాగహారం. "నలుగురూ పంచుకుంటే తలా ఎన్ని?" అన్నదీ భాగహారమే, కానీ ఆలోచన వేరు. ఇక్కడ మనుషులు తెలుసు, వాటా తెలీదు. అక్కడ వాటా తెలుసు, మనుషులు తెలీదు. గుప్పెడు చింతగింజలిచ్చి రెండు రకాలుగానూ పేర్చమంటే పిల్లలకే తెలిసిపోతుంది. మనమేమో రెంటినీ ఒకే గుర్తు కిందకి తోసేసి, అంకెలు కిందికి దించడం మొదలెట్టిస్తాం. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చెయ్యగలిగినవాళ్ళు 30.7 శాతం. అదీ మూడంకెల సంఖ్యని ఒక్క అంకెతో.

సర్కారు బడి పుస్తకాల్లో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉంటోంది. మేం ఫీజు కట్టి మరీ ఆ పేజీ లేకుండా చేసుకున్నాం.

తర్వాతి లెక్క: 50 మంది పిల్లలు, ఆటోకి ఆరుగురు, ఎన్ని ఆటోలు? భాగఫలం 8, శేషం 2 అని రాసింది.

"మరి ఆ ఇద్దరి సంగతేంటే?"

"డ్రైవరంకుల్ పక్కన కూర్చుంటారు."

పుస్తకం వెనక జవాబు 9. మా ఊరి ఆటోలు రోజూ ఎక్కేవాణ్ణి, తప్పని ఎలా కొట్టెయ్యను?