పులిపిరి తెచ్చే రకం వేరు, క్యాన్సర్ తెచ్చే రకం వేరు

పులిపిర్లకూ క్యాన్సర్‌కూ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే ఒకే వైరస్ కారణమని ఒక వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అది చదివి కావలిలో మా పక్కింటి అమ్మాయి తన చేతివేలి మీది పులిపిరి చూసుకుని ఏడ్చింది. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. చేతులకూ పాదాలకూ పులిపిర్లు తెచ్చేవి వేరు. జననాంగాల దగ్గర వచ్చేవి ఎక్కువగా 6, 11 రకాల వల్లే. అవి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాలు మాత్రం పులిపిరి చూపించవు, నొప్పి కూడా పెట్టవు. ఏళ్ల తరబడి లోపలే దాగి ఉంటాయి. నాకు భయం వాటి గురించే.

మా పిన్నిది కందుకూరు. ముట్లు ఆగిపోయిన ఆరేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే ఒంట్లో వేడి అనుకుని నెలల తరబడి సబ్జా నీళ్లు తాగింది. ఒంగోలు తీసుకెళ్లేసరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిపోయింది. ఈ క్యాన్సర్‌ను ముందే పట్టడానికి ముప్పై దాటినవాళ్లకు గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రవం పూసి చూసే పరీక్ష ఒకటుంది, నిమిషాల్లో అయిపోతుంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

హెచ్‌పీవీ సోకకుండా వేసే టీకాతో పిల్లలు పుట్టరని మా వీధిలో అంటున్నారు. అది పచ్చి అబద్ధం. మా అమ్మాయికి పదకొండేళ్లు, మొన్ననే మొదటి డోసు వేయించాను.