‘సగం ధరకే స్పోర్ట్స్ కారు’: ఆ సందేశంలోని ఒక్కో మాటకు జవాబు

నెల్లూరు, ఒంగోలు, కావలి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. పైన ఎర్ర రంగు పోర్షే స్పోర్ట్స్ కారు బొమ్మ, కింద ఈ మాటలు: “స్పోర్ట్స్ కార్ల ధరలు కుప్పకూలాయి. జీఎస్టీ తగ్గడంతో పాత కార్లు సగానికి సగం పడ్డాయి. ఢిల్లీలో పదేళ్ళు నిండినవి తుక్కు ధరకే ఇచ్చేస్తున్నారు. దుబాయ్‌లో వదిలేసిన కార్లు కృష్ణపట్నం పోర్టులో దిగుతున్నాయి. పుదుచ్చేరి నంబరు ఉంటే మన దగ్గర పన్ను కట్టనక్కరలేదు. ఇన్నోవా ధరకే స్పోర్ట్స్ కారు. ఇంతకన్నా దిగదు, రెండేళ్ళు వాడుకుని అమ్మినా లాభమే.”

రొయ్యల చెరువులో ఒక పంట బాగా పలికిన ఏడాది, చీమకుర్తి రాయికి మంచి బేరం తగిలిన ఏడాది, ఇంట్లో పాతికేళ్ళ కుర్రవాడు ఉంటే ఈ సందేశం ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు. పాతిక, ముప్పై లక్షలు చేతిలో ఉంటాయి, మిగిలింది అప్పు చేస్తాడు, చూడని కారుకు అడ్వాన్సు పంపిస్తాడు. నాకు ఈ కార్లంటే ప్రాణం. వాటిని ఇష్టపడే కుర్రవాళ్ళు నష్టపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

“ధరలు కుప్పకూలాయి” అన్నదానిలో కొంత నిజం ఉంది. 2021, 2022లో ప్రపంచమంతటా చిప్‌ల కొరత వచ్చింది. కొత్త కార్లు దొరకక పాత కార్ల ధరలు అసహజంగా పెరిగాయి. కొరత తీరాక అవి దిగాయి. అంటే ఇప్పుడు కనిపిస్తున్న పతనంలో కొంత భాగం, అప్పుడు ఎక్కిన ఎత్తు నుంచి మామూలు స్థాయికి రావడమే. అన్ని కార్లూ ఒకేలా పడలేదు కూడా. తక్కువ సంఖ్యలో తయారయ్యే పోర్షే 911 జీటీ3 లాంటివి విలువను గట్టిగా నిలబెట్టుకుంటాయి. అదే కంపెనీ చేసే, విద్యుత్తుతో నడిచే టైకాన్ మాత్రం చాలా దేశాల్లో వేగంగా విలువ కోల్పోయిన కార్లలో ఒకటి. బ్యాటరీ భవిష్యత్తు ఏమవుతుందో అన్న భయం, ఏటా మెరుగైన మోడళ్ళు రావడం దానికి కారణాలు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘స్పోర్ట్స్ కార్లు’ అనడంతోనే సందేశం దారి తప్పింది.

జీఎస్టీ మాటను కాగితం మీద లెక్క వేసి చూద్దాం. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద ఇంజను ఉన్న కారు మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన 20 శాతం సెస్సు, మొత్తం 48 శాతం ఉండేది. ఆ రోజు నుంచి సెస్సు పోయి 40 శాతం మాత్రమే మిగిలింది. వంద రూపాయల సరుకు 148కి వచ్చేది, ఇప్పుడు 140కి వస్తుంది. తగ్గింది అయిదున్నర శాతం లోపే. కొత్త కారు ఆ మేరకు చౌకైతే, అదే మోడలు పాత కారు ధర కూడా కొంత దిగుతుంది, అది సహజం. కానీ అయిదు శాతం తగ్గుదల నుంచి సగానికి సగం ఎలా వస్తుంది? సగం ధరకు దొరుకుతున్న కారు ఏదైనా ఉంటే, దానికి కారణం దాని వయసులోనో, చరిత్రలోనో, ఇంజనులోనో ఉంది.

ఢిల్లీ సంగతి. రాజధాని ప్రాంతంలో ఇంత వయసు దాటిన బండి రోడ్డెక్కకూడదన్న నిబంధన ఉంది: డీజిల్ వాహనాలకు పదేళ్ళు, పెట్రోలు వాహనాలకు పదిహేనేళ్ళు. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015లో ఇచ్చిన ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో అదే కోర్టు కొన్ని సడలింపులు కూడా ఇచ్చింది. మరి స్పోర్ట్స్ కార్లలో డీజిల్‌వి ఎన్ని? పోర్షే 911, బీఎండబ్ల్యూ జెడ్4, మన దేశంలో అమ్మిన ఆడి టీటీ, అన్నీ పెట్రోలే. పదేళ్ళ నిబంధనకు బలైనవి పెద్ద డీజిల్ ఎస్‌యూవీలు, సెడాన్లు. వాటి కథను తెచ్చి ఎర్ర పోర్షే బొమ్మ కింద అతికించారు. పదేళ్ళ పెట్రోలు స్పోర్ట్స్ కారును ఢిల్లీ యజమాని తుక్కు ధరకు వదులుకుంటున్నాడంటే, నిబంధన వల్ల కాదు కాబట్టి, అసలు కారణం ఏమిటో ఆయన్నే అడగాలి.

దుబాయ్ మాట మన ప్రాంతంలో బాగా చెల్లుతుంది. గల్ఫ్‌కు వెళ్ళిన బంధువు లేని ఊరు ఇక్కడ అరుదు, పోర్టు మన గుమ్మంలోనే ఉంది. అయితే వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి కేంద్రం పెట్టిన షరతులు చాలా స్పష్టంగా ఉన్నాయి. తయారై మూడేళ్ళు దాటి ఉండకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. ముంబయి పోర్టు ద్వారానే రావాలి. దుబాయ్‌లో నడిచే కార్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు, ఆ కార్లు మన రిజిస్ట్రేషనుకు పనికిరావని చెప్పడానికి. వాడిన కారు మీద సుంకం కొత్త కారు మీదకంటే ఎక్కువ. కొత్త కారు మీద సుంకమే నూరు శాతం పైచిలుకు. ఇక కృష్ణపట్నం పోర్టులో వాడిన స్పోర్ట్స్ కార్లు దిగుతున్నాయని ఎవరైనా మీతో అంటే, ఆ మనిషికి డబ్బు ఇవ్వవద్దు.

పుదుచ్చేరి నంబరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు. అక్కడ పన్ను తక్కువ కాబట్టి అక్కడి చిరునామా చూపించి ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకోవడం ఎప్పటినుంచో ఉంది. కేరళలో 2017లో పేరున్నవాళ్ళ మీద కూడా కేసులు నడిచాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే, అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఏడాది వరకూ పన్ను ఊసే ఉండదని దీన్ని చదువుకుంటున్నారు. అది తప్పు. ఈ సెక్షను నంబరు గురించినది. కారు ఇక్కడ ఉంచి నడుపుతున్నందుకు రాష్ట్రం అడిగే పన్ను వేరే చట్టం కిందిది. నెల్లూరులో ఇల్లు, నెల్లూరులో వ్యాపారం, నెల్లూరులో షెడ్డు, కారు మీద మాత్రం పుదుచ్చేరి చిరునామా ఉంటే, తనిఖీలో ఆపిన అధికారికి మీరు చెప్పగలిగిన సమాధానం ఏదీ ఉండదు.

సక్రమంగా మార్పించుకుంటే ఏమవుతుంది? పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. అది ఫారం 28. పేరు మార్పుకు 29, 30. కొత్త నంబరుకు 27. కారు మీద ఫైనాన్సు ఉండి తీరిపోతే, బ్యాంకు సంతకంతో 35. ఆ తర్వాత లైఫ్ ట్యాక్సు, అంటే రాష్ట్రం ఒకేసారి వసూలు చేసే రోడ్డు పన్ను. ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. ఈ పన్నుకు ఆధారం మీరు కొన్న ధర కాదు, ఆ కారు కొత్తగా ఉన్నప్పటి ఇన్వాయిస్ ధర. కారు వయసును బట్టి శాతం తగ్గుతుంది, నిజమే. కానీ కోటి రూపాయల ఇన్వాయిస్ ఉన్న కారును మీరు ముప్పై లక్షలకు కొన్నా, లెక్క కోటి దగ్గరే మొదలవుతుంది, అదీ ఖరీదైన కార్ల శ్లాబులో. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. అది వేరే దరఖాస్తు, వేరే నిరీక్షణ, ఆ డబ్బు ఎవరికి చెందాలో అమ్మినవారితో ముందే రాసుకోకపోతే వేరే తగాదా.

“ఇన్నోవా ధరకే స్పోర్ట్స్ కారు” అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. కొనే రోజున అది నిజం కూడా కావచ్చు. కానీ పాత స్పోర్ట్స్ కారుకు తగ్గేది అమ్మకపు ధర ఒక్కటే. దాని పన్ను, బంపరు, టైరు, గేర్‌బాక్సు, ఇవేవీ దానితో పాటు తగ్గవు. అవన్నీ కొత్త కారు ధరనే పట్టుకుని ఉంటాయి. కోటి రూపాయల కారు ముప్పై లక్షలకు వచ్చినా, దాని ముందు బంపరు కోటి రూపాయల కారు బంపరే. ధర అంతగా పడిపోవడానికి కారణం కూడా ఇదే. కొనగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, నడపగలిగినవాళ్ళు కొద్దిమంది. ఆ సంగతి మొదటి యజమానికి తెలుసు, అందుకే అమ్ముతున్నాడు.

బీమా సంగతి తీసుకోండి. ప్రమాదం జరిగి క్లెయిము పెడితే, మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం విలువే ఇస్తారు. ఫైబర్ గ్లాసుకు 30 శాతం కోత. లోహపు భాగాలకు కారు వయసును బట్టి కోత, అయిదు నుంచి పదేళ్ళ కారుకు 40 శాతం. స్పోర్ట్స్ కారులో బయటికి కనిపించే భాగాల్లో ప్లాస్టిక్, ఫైబరు ఎంత ఉంటుందో చూడండి. ఈ కోత లేకుండా చేసే అదనపు పాలసీని పాత కార్లకు చాలా కంపెనీలు ఇవ్వవు. ఇంకొక మాట: కారు కొన్నాక పద్నాలుగు రోజుల లోపు బీమాను మీ పేరు మీదికి మార్పించమని రాయాలి. లేకపోతే మీ కారుకు జరిగిన నష్టం విషయంలో కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. క్లెయిము పెట్టనందుకు పాత యజమాని సంపాదించుకున్న ప్రీమియం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనసు, మీకు రాదు.

టైర్లు. 2019 తర్వాతి 911 కరెరా ఎస్‌కు ముందు 20 అంగుళాల చక్రాలు, వెనక 21 అంగుళాలవి. వెడల్పు కూడా వేరు. మామూలు కారులోలాగా ముందువి వెనక్కి మార్చి అరుగుదల సర్దుకోవడం కుదరదు. రెండు క్లచ్చులున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఎలక్ట్రానిక్ భాగం పోతే మన ఊరి షెడ్డులో చేసేది ఏమీ ఉండదు, ఆ మెకానిక్ ఎంత పనిమంతుడైనా సరే. కారును లారీ మీద ఎక్కించి చెన్నైకో హైదరాబాదుకో పంపాలి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల చిల్లర కాబట్టి మనం కొంత అదృష్టవంతులం. మార్కాపురం, కనిగిరి వైపువాళ్ళకు అదీ లేదు.

రోడ్డు గురించి. జాతీయ రహదారి 16 మీద ఒంగోలు నుంచి నెల్లూరు వరకు ఈ కారు నడపడం గొప్ప అనుభవమే, కాదనను. కానీ కారు ఇంటికి చేరాలంటే రహదారి దిగాలి. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవుతో వాలుగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మన పల్లెల్లో ఆ కొలతకు కట్టినవి ఎన్ని కనిపిస్తాయి? అడుగు పొడవులో నిటారుగా పోసినవే ఎక్కువ. చాలా స్పోర్ట్స్ కార్ల కింద ఖాళీ 11, 12 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. చెరువు గట్ల దారుల సంగతి చెప్పనక్కరలేదు.

పెట్రోలు కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలావరకు 20 శాతం ఇథనాల్ కలిసినది. 2023కు ముందు తయారైన చాలా కార్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇంధనపు గొట్టాలు, సీళ్ళు ఎలా ఉన్నాయో చూడకుండా పాత కారు తీసుకోవద్దు.

“ఇంతకన్నా దిగదు” అన్నది ఎవరూ ఇవ్వలేని హామీ. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం, అక్కడి నుంచి వచ్చే కార్ల సుంకం నిర్ణీత సంఖ్య మేరకు, కొన్నేళ్ళలో 10 శాతానికి దిగుతుంది. ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ లాంటి బ్రిటిష్ కార్లు కొత్తవే చౌకైతే, ఇప్పటికే దేశంలో ఉన్న పాతవాటి ధర నిలబడుతుందా? తయారీ ఆగిపోయింది కాబట్టి ధర పెరుగుతుందన్న వాదన కూడా వింటున్నాను. ఆడి టీటీ తయారీ 2023 నవంబరులో ఆగింది. వేల సంఖ్యలో అమ్ముడైన మోడలు తయారీ ఆగగానే అపురూపం అయిపోదు. విడిభాగాలు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ కష్టమవుతాయి. పైగా పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను పునరుద్ధరణకు మామూలు కారుకు 5,000 రూపాయలైతే, దిగుమతి కారుకు 40,000. ఇరవై ఏళ్ళు దాటితే దిగుమతి కారుకు 80,000. ఇక అమ్మేటప్పుడు కొనేవాళ్ళు ఎవరు? నెల్లూరులో రెండు తలుపుల పాత కారుకు గిరాకీ ఎంత ఉంటుందో, ట్రంకు రోడ్డులో ఒక సాయంత్రం నిలబడితే తెలిసిపోతుంది. మళ్ళీ చెన్నైకో బెంగళూరుకో తీసుకెళ్ళాలి. అక్కడి కొనుగోలుదారు ఆంధ్ర నంబరును మార్చుకునే ఖర్చును మీ ధరలోంచే కోస్తాడు.

సందేశం ఒక్క ముక్క కూడా చెప్పనిది వరద కార్ల గురించి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నైలో వేల కార్లు మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే, కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి డబ్బు ఇస్తుంది. ఆ కారు వేలంలో అమ్ముడై, శుభ్రమై, మెరుగుపెట్టుకుని మళ్ళీ బజారుకు రావచ్చు. చెన్నైకి దగ్గరగా ఉన్న మనకు ఈ ముప్పు ఇతర జిల్లాలకంటే ఎక్కువ. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి చివర మట్టి గీత ఉంటే అది నీటి గీత. కార్పెట్టు ఎత్తి కింద వైర్ల కనెక్టర్లను చూడండి. సామాను పెట్టే చోట అడుగున తుప్పు, బురద వాసన ఉన్నాయేమో చూడండి.

కారు నిజంగా నచ్చితే, డబ్బు పంపే ముందు ఇవి జరగాలి. ఆర్‌సీ నంబరుతో ప్రభుత్వ వాహన వివరాల వెబ్‌సైటు వాహన్‌లో ఫైనాన్సు, బ్లాక్ లిస్టు, చలాన్లు, బీమా చూసుకోండి. ఇన్వాయిస్ ధర తెలుసుకుని మీ ఆర్టీఏ కార్యాలయంలో లైఫ్ ట్యాక్సు ఎంత పడుతుందో ముందే లెక్క కట్టించుకోండి. సర్వీసు చరిత్ర కంపెనీ వర్క్‌షాపు నుంచి నేరుగా తెప్పించుకోండి, అమ్మేవారు పంపిన ఫొటోలు కాదు. ఆ బ్రాండు వర్క్‌షాపులో మీ ఖర్చుతో తనిఖీకి కారు తీసుకురమ్మనండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుకు ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.