17 సీట్లతో పట్టిన పట్టు

సంకీర్ణ ప్రభుత్వం అనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు. కలగూరగంప అంటారు, మూడునాళ్ల ముచ్చట అంటారు. మంత్రి పదవి దొరికితే చాలు, ఎన్నికల్లో చెప్పిందంతా గాలికొదిలేస్తారంటారు. స్కాట్లాండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు ఆ మాట అనే ముందు 1999లో ఇక్కడేం జరిగిందో ఒకసారి తెలుసుకోవాలి. ఇక్కడే పెరిగి, ఇక్కడి యూనివర్సిటీల్లో మొదటి డిగ్రీ చదువుతున్న మన పిల్లల్లో చాలామంది ట్యూషన్ ఫీజు కట్టడం లేదంటే, దానికి పునాది అప్పుడు లేబర్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు కలిసి ఏర్పాటు చేసిన సంకీర్ణమే వేసింది.

1997 సెప్టెంబరు 11న స్కాట్లాండ్‌లో జరిగిన రెఫరెండంలో 74 శాతం మంది మాకో పార్లమెంటు కావాలన్నారు. 1999 మే 6న తొలి ఎన్నికలు. మొత్తం 129 సీట్లు. లేబర్ పార్టీకి 56, స్కాటిష్ నేషనల్ పార్టీ(ఎస్ఎన్‌పీ)కి 35, కన్జర్వేటివ్‌లకు 18, లిబరల్ డెమోక్రాట్లకు 17 వచ్చాయి. మిగిలిన మూడింటిలో గ్రీన్ ఒకరు, సోషలిస్టు ఒకరు, ఇండిపెండెంటు ఒకరు. మెజారిటీకి 65 కావాలి. ఎవరికీ రాలేదు.

ఇది అనుకోకుండా వచ్చిన ఫలితం కాదు, ఎన్నికల పద్ధతే అలాంటిది. ఓటరుకు రెండు బ్యాలెట్ పత్రాలిస్తారు. ఒకటి నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది ప్రాంతీయ జాబితాకి. జాబితా సీట్లు పంచేటప్పుడు, ఆ ప్రాంతంలో పార్టీ అప్పటికే గెలిచిన నియోజకవర్గాలకు ఒకటి కలిపి, ఆ సంఖ్యతో దాని ఓట్లను భాగిస్తారు. ఆ ఏడాది గ్లాస్గోలో ఉన్న 10 నియోజకవర్గాలూ లేబరే గెలిచింది. కాబట్టి జాబితా లెక్కలో దాని ఓట్లను మొదటే 11తో భాగించారు. ఏడు జాబితా సీట్లలో ఒక్కటీ రాలేదు. నాలుగు ఎస్ఎన్‌పీకి వెళ్లాయి. గోవన్ నియోజకవర్గంలో ఓడిపోయిన, తర్వాత స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అయిన నికోలా స్టర్జన్ తొలిసారి పార్లమెంటులో అడుగుపెట్టింది ఆ జాబితా నుంచే. ఊరంతా ఒకే పార్టీ ఊడ్చేసినా, తక్కినవాళ్లకు ఓటేసినవాళ్ల గొంతు సభలో వినపడుతుంది. ఈ పద్ధతి మీద నాకు గౌరవం కలగడానికి ఇదే కారణం.

ఇక అసలు గొడవ ఫీజులది. లండన్‌లోని లేబర్ ప్రభుత్వం 1998లో యూనివర్సిటీ విద్యార్థుల మీద ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ట్యూషన్ ఫీజు పెట్టింది. స్కాట్లాండ్‌లో ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు కాబట్టి భారం ఇంకా ఎక్కువ. ఎన్నికల ప్రచారంలో లిబరల్ డెమోక్రాట్లు రద్దు చేయిస్తామన్నారు. ఎస్ఎన్‌పీ, కన్జర్వేటివ్‌లు కూడా ఫీజులకు వ్యతిరేకమే. ఈ మూడు పార్టీల బలం కలిపితే 70. లేబర్‌తో చేతులు కలపకుండా ఓటింగ్ పెట్టినా నెగ్గే అవకాశం ఉందన్నమాట.

కానీ జిమ్ వాలెస్ నాయకత్వంలోని లిబరల్ డెమోక్రాట్లు లేబర్‌తోనే కలిశారు. లేబర్ నాయకుడు డొనాల్డ్ డ్యూవర్ ఫస్ట్ మినిస్టర్ (అంటే ప్రభుత్వాధినేత), వాలెస్ డిప్యూటీ. ఫీజుల సంగతి తేల్చడానికి ఆండ్రూ క్యూబీ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఓటేసినవాళ్లకు ఒళ్లు మండింది. కమిటీ అంటే అటక ఎక్కించడమేనని మనకైనా అనిపిస్తుంది కదా! కానీ ఈ కమిటీ ఆ ఏడాది డిసెంబరుకల్లా నివేదిక ఇచ్చేసింది. 2000 నుంచి స్కాట్లాండ్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పోయింది.

పూర్తిగా గెలిచారా అంటే, లేదు. దాని బదులు చదువు అయ్యాక కట్టేలా 2,000 పౌండ్ల గ్రాడ్యుయేట్ ఎండోమెంట్ పెట్టారు. ఉద్యోగంలో ఏడాది ఆదాయం 25,000 పౌండ్లు దాటాకే వసూలు చేయాలని క్యూబీ కమిటీ అంటే, ప్రభుత్వం దాన్ని 10,000కు దించింది. పేరు మార్చిన ఫీజు అని విమర్శించినవాళ్లు తప్పేమీ అనలేదు. అది కూడా 2008లో ఎస్ఎన్‌పీ మైనారిటీ ప్రభుత్వం హయాంలో రద్దయింది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఫీజు 2006లో 3,000కు, 2012లో 9,000కు పెరిగింది. ఇక్కడ చదివే పిల్లవాడికీ సరిహద్దు అవతల చదివే పిల్లవాడికీ అప్పులో ఎంత తేడానో లెక్కేసుకోండి.

ఇంతకన్నా ఆలోచించాల్సింది ఇంకొకటుంది. 2010లో వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటులో, అదే లిబరల్ డెమోక్రాట్ పార్టీ 57 మంది ఎంపీలతో కన్జర్వేటివ్‌లతో కలిసి ప్రభుత్వంలో చేరింది. ఫీజుల పెంపును వ్యతిరేకిస్తామని ఎన్నికల ముందు సంతకాలు చేసి మరీ చెప్పారు. ఆ డిసెంబరులోనే 9,000 పౌండ్ల తీర్మానం నెగ్గింది. వాళ్లలో 21 మంది వ్యతిరేకంగా ఓటేశారు, నాయకుడు నిక్ క్లెగ్ మాత్రం అనుకూలంగా వేశారు. 2015లో పార్టీకి మిగిలింది 8 సీట్లు.

17 మందితో సాధించింది 57 మందితో ఎందుకు కాలేదు? నాయకుల నిజాయితీ ఒక్కటే కారణం అనుకోను. ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటులో ఫీజుల విషయంలో లేబర్ ఒంటరిది. భాగస్వామి మాట కాదంటే సభలో ఓడిపోతుంది. లండన్‌లో రెండు పెద్ద పార్టీల్లో ఏదీ ఫీజుల రద్దుకు నిలబడలేదు. చిన్న పార్టీ బలం దాని సీట్లలో కన్నా, ఆ ఒక్క విషయంలో మిగతా సభ ఎటు ఉందన్నదాంట్లో ఎక్కువ ఉంటుంది. సంకీర్ణాన్ని చూసేటప్పుడు మనం ఈ లెక్క వేయం. ఏ శాఖ ఎవరికి దక్కిందో చూసి తీర్పు ఇచ్చేస్తాం.

మన దగ్గరా అంతే. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కూటమి గెలిచినప్పుడు ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచిన చర్చంతా మంత్రి పదవుల మీదే. ఆ నెలలో తెలుగుదేశం ఒకేసారి రెండు రకాల సంకీర్ణాల్లో ఉంది. రాష్ట్రంలో 175కు 135 సీట్లు సొంతంగా వచ్చాయి. 21 సీట్ల జనసేన, 8 సీట్ల బీజేపీ లేకున్నా మెజారిటీకి ఢోకా లేదు. ఢిల్లీలో 240 దగ్గర ఆగిపోయిన బీజేపీకి తెలుగుదేశం 16 మంది అవసరమయ్యారు. జూలై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల ఏర్పాటు ప్రకటించడం చూశాం. ఎక్కడ ఎవరి అవసరం ఎవరికుందో చూస్తే హామీల్లో ఏది నెరవేరుతుందో చాలావరకు ముందే తెలుస్తుంది.

స్కాట్లాండ్ సంకీర్ణం రెండోసారి, 2003లో, ఇంకా పెద్ద బేరమే చేసింది. స్థానిక ఎన్నికల్లో దామాషా పద్ధతి తేవాలని లిబరల్ డెమోక్రాట్లు పట్టుబట్టారు. కౌన్సిళ్లలో దశాబ్దాల ఆధిపత్యం పోతుందని తెలిసినా లేబర్ ఒప్పుకుంది. 2007లో కొత్త పద్ధతిలో ఎన్నికలు జరిగాక దానికి సొంత మెజారిటీ మిగిలింది గ్లాస్గో, నార్త్ లానార్క్‌షైర్‌లలోనే.

భాగస్వామిని తీసిపారేస్తే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాం. 2021 ఎన్నికల్లో 64 సీట్ల దగ్గర ఆగిన ఎస్ఎన్‌పీ, 8 సీట్ల గ్రీన్‌లతో బ్యూట్ హౌస్ ఒప్పందం అనే పొత్తు కుదుర్చుకుంది. 2024 ఏప్రిల్ 25న అప్పటి ఫస్ట్ మినిస్టర్ హమ్జా యూసఫ్ ఆ ఒప్పందాన్ని ఉన్నట్టుండి తెంచేశారు. అవిశ్వాసానికి మద్దతిస్తామని గ్రీన్‌లు తేల్చి చెప్పారు. నాలుగు రోజులకే ఆయన రాజీనామా ప్రకటించారు. దీనికి భిన్నంగా, 2000 అక్టోబరులో డ్యూవర్ చనిపోయినప్పుడు కొత్త నాయకుణ్ని ఎన్నుకునే దాకా ప్రభుత్వాన్ని నడిపింది 17 సీట్ల పార్టీ నాయకుడు వాలెస్. లేబర్ వాళ్లు దాన్ని నామోషీగా అనుకోలేదు. ఒప్పందం కన్నా ఆ నమ్మకమే ఆ ప్రభుత్వాన్ని ఎనిమిదేళ్లు నిలబెట్టిందని నా అభిప్రాయం.

మన సంఘానికి నాదొక విన్నపం. ఈసారి ఎన్నికలొచ్చినప్పుడు అన్ని పార్టీల అభ్యర్థులనూ పిలుద్దాం. శాలువాలు, ఫొటోలు అయ్యాక ఒక్క ప్రశ్న అడుగుదాం: మీకు మెజారిటీ రాకపోతే ఎవరితో కలుస్తారు, మీ హామీల్లో దేన్ని మాత్రం వదులుకోరు? ఆ జవాబు రాసిపెట్టుకుని మన పత్రికలో అచ్చువేద్దాం.

ఇక్కడ మనం ప్రేక్షకులం కాదు. కామన్వెల్త్ పౌరులుగా, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసించే భారతీయులకు స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. నిన్నమొన్న ఎంఎస్సీకి వచ్చిన విద్యార్థులకూ ఉంది, 16 ఏళ్లు నిండిన పిల్లలకూ ఉంది. బూత్‌లో ఫొటో గుర్తింపు కార్డు కూడా అడగరు. పేరు మాత్రం ముందే నమోదై ఉండాలి. ఉగాది వేడుకల్లో భోజనాల కూపన్లిచ్చే బల్ల పక్కనే ఓటరు నమోదుకు ఇంకో బల్ల వేయండి. కూర్చుని ఫారాలు నింపించే పని నేను చూసుకుంటాను.