కుడితే మాసిపోతుంది

పాత కుట్టు మిషను ఇంట్లో పెట్టుకుని ఇప్పటికీ దాంతో బట్టలు కుట్టేవాళ్లు ఉన్నారని ఈ మధ్యనే తెలిసింది. మనసు చివుక్కుమంది. నల్లటి నిగనిగలు, వాటి మీద బంగారు తీగలు, కింద పోత ఇనుప కాళ్లు. అంత అందమైన వస్తువు చేత దిండు గలీబులు కుట్టించడమా?

ఈ దురాచారం నిన్నా మొన్నటిది కాదు. ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. 1856లో ఆయన భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ మిషన్లను వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాడు. ఇక చూడండి, మిషను కొనడం, దాని మీదే నాలుగు కుట్లు కుట్టి సంపాదించడం, ఆ డబ్బుతో దాని బాకీయే తీర్చడం. మిషనంటే కుట్టడానికేనన్న భ్రమ అలా జనంలో పాతుకుపోయింది. మాలాంటి పునరుద్ధారకులు పుట్టి ఉండకపోతే ఇది ఎక్కడికి పోయేదో.

మా శాస్త్రానికి మొదటి అడ్డంకి ఇంట్లోవాళ్లే. బిగుసుకుపోయిన మిషనును మోసుకొచ్చి దించీ దించగానే మా ఆవిడ, "నాలుగు చుక్కలు నూనె వేసి చూడరాదూ" అంది. అన్నమాట నిజమే, కాదనను. ఇలాంటి మిషన్లలో చాలావాటిని పట్టేసేది తుప్పు కాదు, ఎండి జిగురైపోయిన పాత నూనె. మిషను నూనె అయిపోయిన రోజున ఎవరో మహానుభావులు వంటనూనె పోసి ఉంటారు. అది గాలి తగిలి వార్నిష్‌లా గట్టిపడుతుంది. బెజ్జాల్లో కాస్త కిరసనాయిలు వేసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే చక్రాన్ని బలవంతపెట్టకుండా అటూ ఇటూ ఆడిస్తే చాలాసార్లు కదులుతుంది. ఆ మీదట అసలైన మిషను నూనె వేస్తే తిరుగుతుంది. అయితే ఒక్క రాత్రిలో బాగయ్యేదాన్ని పునరుద్ధరణ అని ఏ మొహం పెట్టుకుని అంటాం? వచ్చినవాళ్లకు చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

అందుకని నేను సీరియల్ నంబరును బట్టి ముందు దాని జాతకం కట్టాను. తర్వాత మెరుపు మీద పడ్డాను.

స్పిరిట్‌లో ముంచిన దూదితో మెడ దగ్గర మొదలుపెట్టాను. మొదటి రుద్దుకే దూది గోధుమరంగుకు తిరిగింది. ఎన్నేళ్ల మురికో అని పొంగిపోయి ఇంకా గట్టిగా రుద్దాను. ఈసారి దూది తళుక్కుమంది. మిషను వైపు చూస్తే, ఇందాకటిదాకా మూడు ఆకులున్న కొమ్మకు కాడ మిగిలింది. ఆ బొమ్మలు ఇనుములో పుట్టినవి కావు, పైన అంటించినవి. వాటిని కాపాడుతూ చాలా పాత మిషన్ల మీద పలచగా లక్కపూత ఉంటుంది. లక్కకు, స్పిరిట్‌కు పడదు, కరిగిపోతుంది. నేను మురికి అనుకున్నది ఆ పూతనే. మిషను నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే మురికి మాత్రమే వదిలేదట. ప్రస్తుతం నా మిషను మెడ భాగం ఆభరణాలను త్యజించింది. వైరాగ్యం అందరికీ అబ్బేది కాదు కదా.

ఇక చెక్క బల్ల. ఈ విషయంలో మాలో రెండు శాఖలున్నాయి. ముట్టొద్దువాదులు, రుద్దువాదులు. ఎక్కడో కనబడని మూలన ఒక చుక్క స్పిరిట్ వేసి చూడమంటారు ముట్టొద్దువాదులు. మెత్తబడితే అది లక్క పాలిష్, మొత్తం గీకేయక్కర్లేదు, మళ్లీ పలచగా పూత వేసుకోవచ్చు అంటారు. పైకి లేచిన వెనీరు, అంటే పైన అతికించిన పలచటి చెక్క పొర, కింద జిగురు పెట్టి, మైనపు కాగితం పరిచి, పైన బరువుంచి మర్నాటి దాకా దాని జోలికి పోవద్దంటారు. చేతకానివాళ్ల మాటలు. నేను రుద్దువాదిని. గరుకు కాగితం పట్టుకున్న పావుగంటలో వాల్‌నట్ పొర దాటేసి, అడుగున దాక్కున్న ఊరూపేరూ లేని చెక్కను వెలికితీశాను. పైన కనిపించే ఆ ఖరీదైన చెక్క మందం అట్టముక్కంత కూడా లేదన్న సంగతి ఇలాంటి తవ్వకాల వల్లే లోకానికి తెలుస్తుంది.

(మధ్యలో ఒక్కమాట, ఇది వెటకారం కాదు. చెక్కకు అవిసె నూనె పట్టించిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి, పరిచి ఆరనివ్వండి.)

మూడు నెలలు గడిచాయి. చక్రానికున్న నికెల్ రింగులో నా మొహం కనిపిస్తోంది. ఒకరోజు నేను లేని సమయం చూసి మా ఆవిడ మిషను ముందు కూర్చుంది. వచ్చేసరికి సూది పైకీ కిందకీ ఆడుతోంది గాని గుడ్డ కదలడం లేదు. కుట్లన్నీ ఒక్కచోటే పుట్టలా పేరుకున్నాయి. "చూశావా, దానికే ఇష్టం లేదు" అన్నాను.

ఆమె మాట్లాడకుండా సూది కింది పలకకున్న రెండు మరలూ విప్పింది. గుడ్డను ముందుకు తోసే పళ్ల సందుల్లో బూడిదరంగు పీచు దట్టంగా కూరుకుని ఉంది. ఎన్నేళ్ల దారపు దుమ్మో, నలిగి నలిగి కంబళిముక్కలా గట్టిపడింది. పిన్నీసుతో గీరితే పళ్ల అచ్చులు పడి అట్టలా ఊడొచ్చింది. అది అడ్డుపడి పళ్లు పైకి లేవలేకపోతున్నాయన్నమాట. మూడు నెలల్లో ఆ పలక నేను విప్పని మాట వాస్తవం. దాని కింద ఏముందో బయటికి కనబడదు కదా, అక్కడ తోమి ఎవరికి చూపిస్తాం?

పలక బిగించింది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి పెట్టి దారం ఎక్కించింది. పాదం దించి ఉంటే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయట, దారం వాటి మధ్యకు దిగదట. ఒక గలీబు అయింది. సాయంత్రానికి నాలుగయ్యాయి.

ఆ దురాచారం ఇప్పుడు మా ఇంట్లో రోజూ జరుగుతోంది. నికెల్ రింగు నిండా వేలిముద్రలే. రాత్రి అందరూ నిద్రపోయాక గుడ్డ తీసుకుని వెళ్లి తుడిచి వస్తున్నాను.