సవరణ: స్కోప్ ఖరీదు గురించి

"రైఫిల్ స్కోప్‌కి ఎంత ఎక్కువ పెడితే అంత మేలు" అని గత పోస్టులో ఉన్న మాటను (స్కోప్ అంటే గురి చూడటానికి తుపాకీ మీద బిగించే దుర్భిణి) ఇలా మార్చి చదవండి: వెలుగు చాలని వేళ గురిపెట్టేవాళ్లకే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. అది విదేశాల్లో లైసెన్సుతో వేటాడేవాళ్ల సంగతి. మునిమాపు వేళ మంచి అద్దం, దాని మీది పూత ఇచ్చే స్పష్టత చౌక రకంలో రాదు.

ఏ స్కోప్ కొనాలని కావలి, ఒంగోలు నుంచి అడిగిన తమ్ముళ్లు కొట్టేది పట్టపగలు, ఎయిర్ రైఫిల్‌తో (గాలి ఒత్తిడితో గుండు వదిలే తుపాకీ), 10 - 20 మీటర్ల దూరంలో పెట్టిన అట్టల మీద. మందుగుండుతో పేలే పెద్ద రైఫిళ్ల స్కోప్‌లో పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించే దోషం, మామూలుగా 100 గజాలకు సరిచేసి ఉంటుంది. 10 మీటర్లకు చూస్తే బొమ్మ మసక. కన్ను కాస్త పక్కకు జరిగితే చాలు, స్కోప్ లోపలి గీతల కూడలి గురి మీద నుంచి తొలగినట్టు కనిపిస్తుంది. ముందు అద్దం దగ్గర రింగు తిప్పి 10 మీటర్లకు సరిచేసుకునే రకం తీసుకోండి. స్ప్రింగు బలంతో గాలిని నొక్కే ఎయిర్ రైఫిలైతే ఇంకో మెలిక ఉంది: అది మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకి కుదుపుతుంది. ఈ రెండు వైపుల కుదుపుకి ఖరీదైన స్కోప్ కూడా లోపల వదులైపోవచ్చు. ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని కంపెనీ రాసిచ్చిందే కొనండి.

ఉదయగిరి వైపు పంట పాడుచేసే అడవి పందులను కొట్టడానికి స్కోప్ అడిగినవాళ్లకు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని అనుమతి లేకుండా చంపడం నేరం. చేతికొచ్చిన పంట పోతే ఎంత బాధో తెలుసు. ముందు అటవీ శాఖకు నష్టపరిహారం అర్జీ పెట్టండి.